నాలుగు గ్రాముల మీద కొసరు

2024 జనవరి చివరి వారం. తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే కోంటాలో మా ఫ్యాన్సీ షాపు ముందు భాగంలో గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు ఉంటాయి. వెనక, పరదా అవతల, మంచం కూడా పట్టని గదిలో నేను ముఖానికి రాసుకునే మాయిశ్చరైజర్లు తయారుచేస్తాను. ఒక కరెంటు స్టవ్, రెండు గాజు బీకర్లు, ఒక థర్మామీటరు, కాఫీ నురగ తీసే బ్యాటరీ కవ్వం, గ్రాములో వందో వంతు కూడా చూపించే చిన్న కాటా, ఇవే నా సరంజామా. ఆ కాటాని జగ్దల్‌పూర్‌లో ఎవరో నగల కొట్టు ఎత్తేస్తుంటే కొన్నాను. గంటన్నర బేరమాడాను. చివరికి ఆ కొట్టాయన రెండు చేతులూ జోడించి, "తీసుకెళ్లు బెహన్, నాకు భోజనం వేళ దాటిపోయింది" అన్నాడు. గెలిచాననుకుంటూ బస్సెక్కాక చూసుకుంటే దానికి బ్యాటరీ మూత లేదు. ఇప్పటికీ టేపుతోనే నడుస్తోంది.

మాది వ్యాపారస్తుల ఇల్లు. నాన్నది కిరాణా, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇనుప సామాను. నేను మాటలు నేర్చింది పప్పు బస్తాల మీద కూర్చునే. ఇక్కడి సంతల్లో వినబడే భాషలు హిందీ, హల్బీ, దోర్లీ, మూడింటిలోనూ నాకు మొదట వచ్చిన మాట "అంతకి రాదు" అనేదే. జగ్దల్‌పూర్‌లో కెమిస్ట్రీతో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక కోంటాలోనే ఈ షాపు పెట్టుకున్నాను. లాక్‌డౌన్‌లో గాజులు కొనేవాళ్లు లేక, ఊరికే కూర్చోలేక, ఫోనులో కాస్మెటిక్ ఫార్ములేషన్ కోర్సు ఒకటి చేశాను. ఫార్ములేషన్ అంటే ఏ దినుసు ఎంత, ఎంత వేడి దగ్గర, దేని తర్వాత కలపాలో తేల్చుకోవడం. వంటలాంటిదే, కాకపోతే రుచి చూడ్డానికి వీల్లేని వంట.

తయారీ లైసెన్సు లేదు కాబట్టి నా క్రీములు షాపులో అమ్మకానికి పెట్టను. తెలిసినవాళ్లకు చేసిపెడతాను. వాళ్లు చింతపండో, తేనో, చారపప్పో తెచ్చిస్తారు. ఏమీ తీసుకోకుండా ఇవ్వడం మా వంశంలో ఎవరికీ రాలేదు. నేనైనా నేర్చుకుందామనే అనుకుంటాను గానీ, ఎదురుగా మనిషి కనబడగానే మరిచిపోతాను.

ఆ వారం పరదా పక్కకి తీసి లోపలికి వచ్చిన మనిషి జోగమ్మ. ఎర్రబోరులో హైవే పక్కన మిరపకాయ బజ్జీల బండి ఆమెది. శనగపిండి మా నాన్న కొట్లోనే కొంటుంది కాబట్టి పదేళ్లుగా తెలుసు. దోర్ల తెగ మనిషి. వయసు ముప్పై అయిదు దాటి ఉంటుంది. తలకి చుట్టుకున్న స్కార్ఫు విప్పితే, రెండు చెంపలూ నిప్పుల మీద కాల్చిన అప్పడంలా పొరలు లేచి ఉన్నాయి.

"పొద్దంతా కట్టెల పొయ్యి ముందే అక్కా. పొయ్యి ఇడిస్తే చలిగాలి. నవ్వితే పగుల్తాంది" అంది.

"నవ్వకు మరి."

"నవ్వకుంటే బజ్జీ ఎవడు కొంటడు? నువ్వు కొంటవా?"

"నేను కొంటే నీకు గిట్టదులే. ఇన్నాళ్లు లేంది ఇప్పుడెందుకు గుర్తొచ్చింది ముఖం?"

ఆమె పరదా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "పెండ్లున్నది."

"ఎవరిది?"

"నాదే."

జోగమ్మకి మొగుడున్నాడు, ట్రాక్టరు తోలే రామయ్య. ఏడో తరగతి కూతురు, అయిదో తరగతి కొడుకు ఉన్నారు. "రామయ్యని వదిలేసినవా ఏంది?"

"నీ నోట్ల మన్నువడ! రామయ్యతోనే!"

వాళ్లలో ఇష్టపడినవాడి ఇంటికి ముందు వెళ్లిపోయి, చేతనైనప్పుడు చుట్టాలందరికీ పెళ్లిభోజనం పెట్టుకోవడం తప్పేం కాదు. వీళ్లకి ఆ చేతనవడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఒక ఏడు ఇంటి పైకప్పు ఎగిరిపోయింది, ఒక ఏడు ఎద్దు పోయింది, మరో రెండేళ్లు కరోనాతో మనుషులే కలుసుకోకుండా పోయాయి. ఇన్నాళ్లకి కుదిరింది. పెళ్లికొడుకు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, పిల్లలిద్దరూ అమ్మానాన్నల పెళ్లిలో ఆడ్డానికి నెల రోజులుగా ఇంట్లో దుమ్ము లేపుతున్నారు. చెబుతున్నంతసేపూ జోగమ్మ నవ్వుతోంది, మధ్యమధ్య "అబ్బా" అని చెంప పట్టుకుంటోంది.

ఆమె భయమల్లా పసుపు రోజు గురించి. పసుపు రాసేది ఆమె మేనత్త లచ్చమ్మ. "మా అత్త చెయ్యి నీకు తెల్వది. గోడకి పేడ అలికినట్టే రుద్దుతది. ఈ చెంపల మీద పసుపు పడితే నేను ఓర్సుకోలేనక్కా. ముకం పక్కకి తిప్పిననే అనుకో, ఆడోళ్లంతా అక్కడే పాట కడతరు. పద్నాలుగేండ్లు కాపురం జేసి పెండ్లినాడు ముకం తిప్పుకున్నదీ అని. మావోల్లు ఒక్కసారి పాట కడితే నా మనవల పెండ్లి దాక పాడతరు."

పసుపుకి ఇరవై రోజులుంది.

మాయిశ్చరైజర్ అంటే నీళ్లూ నూనే విడిపోకుండా కలిసి ఉండే క్రీము. వాటిని కలిపి ఉంచే మైనం లాంటి దినుసుని ఎమల్సిఫైయర్ అంటారు. దీనికి తోడు చర్మంలో ఫలానా పని జరగాలని ప్రత్యేకంగా వేసేవి యాక్టివ్స్. జోగమ్మకి రెండు ఎంచుకున్నాను. ఒకటి నియాసినమైడ్. విటమిన్ బి3లో ఒక రూపం, తెల్లటి పొడి, చర్మం పైపొరని గట్టిపరిచి తేమ పోకుండా చూస్తుంది. రెండోది పాంథెనాల్. చిక్కటి జిగురులా ఉంటుంది, పగుళ్ల మంటని తగ్గిస్తుంది. నూనె ఆమెదే, ఇంట్లో గానుగ పట్టించుకున్న ఇప్పగింజల నూనె. ఇక్కడ టోరా నూనె అంటారు. చలికాలం నెయ్యిలా పేరుకుంటుంది, వాసన కాస్త మొరటు, పని మాత్రం సున్నితం.

వంద గ్రాముల క్రీముకి లెక్క ఇది: డెబ్బై గ్రాముల డిస్టిల్డ్ వాటర్, పన్నెండు నూనె, ఆరు ఎమల్సిఫైయర్, అయిదు గ్లిసరిన్, నాలుగు నియాసినమైడ్, రెండు పాంథెనాల్, బూజు పట్టకుండా ఒక గ్రాము ప్రిజర్వేటివ్. నీళ్లనీ నూనెనీ వేరువేరుగా డెబ్బై డిగ్రీలకి వేడిచేసి కలిపి, చల్లారేదాకా కవ్వం తిప్పుతూ, గోరువెచ్చగా అయ్యాక యాక్టివ్స్, ప్రిజర్వేటివ్ వెయ్యాలి. చివర్లో పీహెచ్ కాగితం ముంచి చూడాలి. క్రీములో పులుపు ఎక్కువుందా తక్కువుందా అన్నది ఆ కాగితం రంగే చెబుతుంది.

మొదటిసారి ఇందులో నాలుగో వంతే, పాతిక గ్రాములు చేశాను. మధ్యాహ్నం షాపు మూసుకుని ఒక్కదాన్నే కూర్చుని చేశాను. మర్నాడు జోగమ్మ మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు ఆగమన్నాను. దీన్ని ప్యాచ్ టెస్ట్ అంటారు, ముఖానికి పట్టించే ముందు చర్మాన్ని అడిగి చూడడం. దద్దురు లేదు, దురద లేదు. ఆ డబ్బా నాలుగు రోజులు వాడింది. పొరలు రాలడం సగానికి సగం తగ్గింది. ఖాళీ డబ్బా పట్టుకుని సంతోషంగా దిగింది.

"ఇది సీసా మూతంత ఉన్నది. పెండ్లి దాక వచ్చే డబ్బా చెయ్. నా ముందరే చెయ్."

"ఒక సీసా నూనె ఇచ్చి వంద గ్రాముల క్రీమా? రెండు సీసాలు."

"పెండ్లికూతుర్ని బేరమాడతవా?"

"ఏడో తరగతి కూతురున్న పెళ్లికూతురికి బేరముంది."

"ఒకటిన్నర సీసా. ఆ సగం సీసా కూడా నీ మొకం జూసి."

ఒకటిన్నరకి ఒప్పుకున్నాను, పైన ఒక పొట్లం బజ్జీలు రాబట్టాను. ఇద్దరం గెలిచామనుకున్నాం. పరదా వెనక ఆమె ఎత్తుపీట మీద కూర్చుంది, నేను మొదలుపెట్టాను. కవ్వం తిప్పుతుంటే పసుపుపచ్చ నూనె, నీళ్లు కలిసి తెల్లగా చిక్కబడడం చూసి, "ఓయమ్మ, జున్ను!" అంది. ఆ మాటకి నేను ఉబ్బిపోయాను. కొట్లో పుట్టినవాళ్లకి కొనేవాళ్ల కళ్లు మెరిస్తే చేతులు కుదురుగా ఉండవు. అప్పుడా సంగతి నాకు తెలియదు. అదే ఫార్ములా కదా అని మళ్లీ ప్యాచ్ టెస్ట్ కూడా చెయ్యమనలేదు. అదొక తప్పు, ఒప్పుకుంటున్నాను.

మూడో రోజు పొద్దున్నే, షాపులో నలుగురు ఆడవాళ్లు గాజులు చూస్తుండగా, జోగమ్మ బస్సు దిగి నేరుగా లోపలికొచ్చింది. స్కార్ఫు విప్పితే చెంపలు రెండూ పండుమిరపకాయల రంగులో ఉన్నాయి.

"ఏమేసినవ్ అక్కా? రాత్రి రాస్తే బజ్జీ మూకుట్ల మొకం పెట్టినట్టయింది!"

గాజులు చూస్తున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. ముందు చన్నీళ్లతో ముఖం కడిగించి, షాపు మా ఆయనకి అప్పగించి, ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడి సిస్టరు చూసి, పొక్కుల్లేవు, పుండు లేదు, మూడు రోజులు ఏ క్రీమూ రాయొద్దు, తగ్గకపోతే సుక్మాలో డాక్టరుకి చూపించండి అంది. పసుపుకి పదకొండు రోజులే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ధైర్యం కొంచెం వచ్చింది. దాంతోపాటు నా కొట్టు బుద్ధి కూడా వచ్చింది. సరుకు తిరిగొచ్చిందంటే మా ఇళ్లలో మొదటి మాట 'మా దగ్గర బాగానే ఉందే' అన్నదే. "ఈసారి తెచ్చిన నూనె కొత్త గానుగదా? గింజలు బూజు పట్టినవేమో" అన్నాను.

జోగమ్మ నడుస్తున్నదల్లా ఆగింది. గబగబా షాపులోకి వచ్చి, బల్ల మీదున్న తన నూనె సీసా తీసి, అరచేతిలో ఒంపుకుని, నేను వద్దు వద్దంటుండగానే ఎర్రటి చెంపలకి పట్టించింది. అందరం ఆమె ముఖమే చూస్తున్నాం. కన్ను కూడా ఆర్పలేదు.

"మంట లేదు. నా నూనె మీద ఏస్తవా నింద?"

గాజుల దగ్గరున్న ముసలామె ఒకతె, "లేదు, మంట లేదు" అని నాకేసి తల ఊపింది. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పరదా వెనక ఫార్ములా నోటుపుస్తకం తీశాను. నాలుగు, రెండు, ఒకటి, అన్నీ సరిగానే ఉన్నాయి. పీహెచ్ సరిగానే ఉంది. పొడి అదే ప్యాకెట్టుది. మొదటిసారి హాయిగా పనిచేసిన క్రీము రెండోసారి ఎందుకు కాల్చిందో నాకు అంతుపట్టలేదు. చదువుకున్నదాన్ని, కోర్సు చేసినదాన్ని, మొహం వేలాడేసుకుని కూర్చున్నాను.

"మల్ల చెయ్. మొన్న ఎట్ల చేసినవో గట్లనే. నేను గీడనే కూసుంట" అంది జోగమ్మ.

చేశాను. నూనె, నీళ్లు, మైనం, కవ్వం. గోరువెచ్చన. చిన్న గిన్నె కాటా మీద పెట్టి నియాసినమైడ్ తూచాను. నాలుగు చూపించింది. గిన్నె ఎత్తి బీకర్లో ఒంపాను.

"ఆగు!" అని అరిచింది జోగమ్మ.

ఉలిక్కిపడ్డాను. నా కుడిచేతిలో పొడి డబ్బా చెంచా ఉంది. దాన్నిండా పొడి ఉంది. బీకర్ మీద ఉంది. అక్కడికి అదెట్లా వచ్చిందో నాకు తెలియదు.

"గిదే. మొన్న కూడ గిట్లనే కాటా దించినంక రెండుసార్లు ఏసినవ్. ఆ సీసాల మందు కూడ. చుక్కలు లెక్కబెట్టినంక ఇంకొన్ని ఒంపినవ్."

కొసరు! మా కొట్లలో తూకం అయ్యాక, కాటా పళ్లెం దించాక, గుప్పెడు పప్పు సంచిలో పడకపోతే ఆ తూకం పూర్తయినట్టు కాదు. నాన్న వేసేవాడు, పెదనాన్న బట్టకి జానెడు వదిలేవాడు, మేనమామ మేకులకి నాలుగు మేకులు కలిపేవాడు. ముప్పై అయిదేళ్లుగా నా చెయ్యి ఆ పని నన్ను అడక్కుండానే చేస్తోంది. మొదటిసారి షాపు మూసుకుని ఒక్కదాన్నే చేశాను. ఎదురుగా మెప్పించాల్సిన మనిషి లేదు, కొసరూ లేదు. రెండోసారి పెళ్లికూతురు ఎదురుగా కూర్చుని 'జున్ను' అంది. ఇంకేముంది! ఆ చెంచాతో రెండుసార్లు ఎంత పడుతుందో కాటా మీద వేసి చూస్తే నాలుగు కాస్తా ఏడున్నర అయింది. ప్రిజర్వేటివ్ దాదాపు రెట్టింపు. అది మోతాదు మించితే మామూలు చర్మానికే చురుక్కుమంటుంది, పగిలిన చర్మానికి చెప్పాలా?

"చూసి కూడా మొన్న చెప్పలేదేం?" అన్నాను, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక.

"ఎందుకు జెప్త? చిన్నప్పటి సంది సంతల మీ సావుకార్ల చెయ్యి చూసుడే మాకు సదువు. చింతపండు తూసేటప్పుడు ఏలు ఎక్కడ పెడ్తున్నరు, పళ్లెం ఎవరు నొక్కుతున్నరు అని. తక్కువ ఏస్తవేమో అని కన్ను ఆర్పకుండ చూసిన. నువ్వు ఎక్కువ ఏసినవ్. ఎక్కువ ఏస్తుంటే ఎవరన్న వద్దంటరా? ఇంటికి వోయి రామయ్యకి కూడ చెప్పిన, ఇయ్యాల సేఠానీనే ముంచిన అని!"

నవ్వు ఎవరు మొదలుపెట్టారో గుర్తు లేదు. ఆమె నవ్వుతూ "అబ్బా" అని చెంపలు పట్టుకుంటే నాకు ఇంకా నవ్వొచ్చింది. మా ఆయన పరదా ఎత్తి చూసి, మాకేదో అయిందనుకుని దించేశాడు.

నవ్వు తగ్గాక ఆమె నూనె గురించి అన్నందుకు తప్పయిందని చెప్పాను. "ఆ సగం సీసా ఇయ్యను పో" అంది. బేరమాడలేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు ఒక చేతి వేళ్లకి మించవు.

ఆ రోజు క్రీము పూర్తిచేసింది ఇద్దరం. నేను తూస్తుంటే ఆమె అంకె చదివి "బస్" అనేది. అన్నాక నా చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని పక్కకి పెట్టేది. మూడు రోజులు ముఖానికి తన నూనె తప్ప ఏమీ రాయలేదు, ఎరుపు దిగిపోయింది. ఆ మూడు రోజుల్లోనే మోచేతి మీద ప్యాచ్ టెస్ట్ కూడా అయింది. తర్వాత ఎనిమిది రోజులు, పొద్దునా సాయంత్రం, పొయ్యి దగ్గరికి వెళ్లేముందు పలచగా రాసుకుంది. రోజూ ఫోను చేసి "ఇయ్యాల నవ్విన, పగల్లే" అని చెప్పేది. ఎంతమందికి బజ్జీలు అమ్మిందో కూడా చెప్పేది, అది నేను అడక్కపోయినా.

పసుపు రోజు నేను మధ్యాహ్నం బస్సుకి ఎర్రబోరు వెళ్లాను. వాళ్లింటి ముందు పందిరి, డప్పులు, వండుతున్న మాంసం వాసన. రామయ్య కొత్త చొక్కా ఇంకా వేసుకోకముందే ఎవరో దాని మీద పసుపు చల్లేశారు. పిల్లలిద్దరూ పెళ్లికూతురికి అటూ ఇటూ నిలబడి, తామే ఇంటి పెద్దలన్నట్టు వచ్చినవాళ్లని వరసగా కూర్చోబెడుతున్నారు. పందిరి కింద పీట మీద జోగమ్మ. ఎదురుగా లచ్చమ్మత్త, పొట్టిగా, బలంగా, పసుపు గిన్నెలో మోచేతి దాకా ముంచిన చేత్తో. జోగమ్మ చెప్పింది ఎక్కువ కాదు, తక్కువ.

ఆడవాళ్లు చుట్టూ మూగారు. పాట సగంలో ఆపేసి మరీ చూస్తున్నారు. నేను వెనక నిలబడి లోపల లెక్కపెట్టుకుంటున్నాను: నాలుగు, రెండు, ఒకటి. లచ్చమ్మత్త అరచెయ్యి జోగమ్మ ఎడమ చెంప మీద పడింది. కిందికి, పైకి, మళ్లీ కిందికి, గోడ అలికినట్టే. జోగమ్మ కళ్లు మూసుకుంది.

జోగమ్మ కళ్లు తెరిచింది. ముఖం తిప్పింది. అందరూ "హో" అనబోయేలోపు, ఇంకా పసుపు పడని కుడి చెంప అత్త చేతికి ఆనించి, "గీడ రాయవా అత్తా? గీ చెంపకి పెండ్లి గాదా?" అంది.

పందిరంతా ఘొల్లుమంది. పాట కట్టనే కట్టారు. పద్నాలుగేళ్లయినా పెళ్లికూతురికి తొందర తీరలేదని. జోగమ్మ వాళ్లతో కలిసి గొంతెత్తి పాడింది. అరగంటలో నా ముఖం కూడా పసుపు ముద్దయింది. లచ్చమ్మత్త చెయ్యి ఎలాంటిదో అప్పుడు నాకు స్వయంగా తెలిసొచ్చింది.

ఇప్పుడు నా గదిలో పద్ధతి మారింది. ఎవరికి చేస్తున్నానో వాళ్లే ఎత్తుపీట మీద కూర్చుని కాటా అంకె పైకి చదవాలి. అంకె రాగానే డబ్బా మూత పెట్టి వాళ్ల చేతికి ఇచ్చేస్తాను. మన చెయ్యి చేసే పని మనకంటే ఎదుటివాళ్లకే బాగా కనబడుతుంది. ఇక కొసరు గురించి అనుకున్నదొకటుంది. అది ఇచ్చేది పుచ్చుకునేవాళ్ల కోసం అనుకునేదాన్ని. కాదు. వాళ్లు నన్ను మంచిదాన్నని అనుకుంటూ ఇంటికెళ్లాలని వేసేదాన్ని. పప్పు దగ్గర దాంతో నష్టం లేదు, గాజుల దగ్గర లేదు, రిబ్బన్ల దగ్గర లేదు. చర్మానికి మాత్రం నేను మంచిదాన్నో కాదో తెలుసుకోవాల్సిన పని లేదు. దానికి కావాల్సింది నాలుగు గ్రాములు.